రెండు నిమిషాల పెద్దకూర

ఒరేయ్ చిన్నోడా,

పెద్దమ్మ రాస్తున్నాను. మొన్న ఫోన్లో బీఫ్ వేపుడు చెప్పు తోలులా సాగిందన్నావు కదా. అమెరికా వాళ్ళ వీడియో చూసి చేశానన్నప్పుడే అనుకున్నాను. వాళ్ళది ఆవు మాంసం, కొవ్వు పట్టి మెత్తగా ఉంటుంది. మన దగ్గర 1977 నాటి చట్టం ఆవుని కోయనివ్వదు, అంగట్లో బీఫ్ అని ఇచ్చేది చాలావరకు గేదె మాంసమే. రంగు ముదురు, కొవ్వు తక్కువ. కాస్త ఎక్కువ వేగిందంటే ఎండిపోతుంది.

దీనికి రెండే దారులు. మనం ఆదివారం చర్చి నుంచి వచ్చి చేసుకునే కూరలా కుక్కర్లో మెత్తబడేదాకా ఉడికించాలి, లేదా పెద్ద సెగ మీద రెండు నిమిషాల్లో తీసెయ్యాలి. పావుగంట వేయిస్తే రెంటికీ చెడుతుంది. నువ్వు పావుగంటే వేయించి ఉంటావు, నాకు తెలుసు.

కొట్లో "కూరకి" అనకు, ఎముకలూ కొవ్వూ కలిపి కొట్టిచ్చేస్తాడు. అండర్‌కట్ అడుగు, వెన్నెముకని ఆనుకుని లోపలివైపు ఉండే మెత్తటి కండ. హోటళ్ళవాళ్ళు పట్టుకుపోకముందే పొద్దున్నే వెళ్ళాలి. దొరక్కపోతే తొడ కండ అరకిలో, కొట్టకుండా ఒకే ముక్కగా ఇవ్వమను.

ఆ ముక్కని అరగంట, ముప్పావుగంట ఫ్రీజర్లో పెట్టు. రాయి అవకూడదు, సబ్బుబిళ్ళలా బిగిస్తే చాలు. మెత్తగా ఉంటే కత్తి కింద జారిపోయి పల్చగా తెగదు. ఇప్పుడు దాన్ని వెలుతురులో పట్టుకుని చూడు. కొబ్బరిపీచులాగా పోగులన్నీ ఒకే వైపు పోతుంటాయి. కత్తి వాటికి అడ్డంగా పడాలి. పోగుల వెంట కోశావంటే ప్రతి ముక్కలోనూ పొడుగాటి దారాలు మిగులుతాయి, వాటిని తెంపే పని నీ పళ్ళ మీద పడుతుంది. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం చాలు.

తొడ కండైతే అర చెంచా వంటసోడా పట్టించి, పావుగంట ఆగి బాగా కడుగు. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. అండర్‌కట్‌కి అక్కర్లేదు. గుడ్డతో తడి లేకుండా అద్ది, రెండు చెంచాల సోయా సాస్, చెంచా కార్న్‌ఫ్లోర్, చెంచా నూనె, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు కలుపు. ఉప్పు వద్దు, సాస్‌లోనే ఉంది.

కారం కూడా వద్దు. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో ఉంటూ ఈ మాట అనడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఆ సెగకి కారప్పొడి మాడిందంటే పటమటలో మీ రూమ్‌లో వాళ్ళంతా దగ్గుతూ బయటికి పరిగెడతారు. మనసు ఒప్పకపోతే రెండు ఎండుమిరపకాయలు తుంచి చివర్లో వెయ్యి.

ఇది నాకు కువైట్‌లో పనిచేసిన ఇంట్లో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి నేర్పింది. గుంటూరు వచ్చాక మొదటిసారి చేసినప్పుడు మాంసమంతా ఒకేసారి గుమ్మరించాను. బాణలి చల్లబడి, నీరూరి, వేగాల్సింది కాస్తా ఉడకడం మొదలైంది. కంగారుపడి కూరగాయలతో సహా కుక్కర్లోకి తోసేశాను. మీ పెదనాన్న తిని, "బాగానే ఉంది గానీ, బెంగుళూరు మిర్చి ఏదీ?" అన్నారు. కరిగిపోయింది మరి.

అందుకని ఇనప బాణలి పొగ వచ్చేదాకా కాలనివ్వు. నాన్‌స్టిక్ వద్దు, అంత వేడికి పూత పాడవుతుంది. ముందు రెండు బెంగుళూరు మిర్చి, ఒక ఉల్లిపాయ పెద్ద ముక్కలుగా కోసి నిమిషం వేయించి తీసెయ్యి. మళ్ళీ నూనె కాగాక సగం మాంసం పరిచి, అర నిమిషం గరిటె ముట్టుకోకు. అడుగు ఎర్రబడ్డాక తిరగేసి, పచ్చి రంగు పోగానే తీసెయ్యి. మిగతా సగమూ అంతే. ఆఖర్న వెల్లుల్లి, అల్లం తరుగు వేసి, వాసన రాగానే అన్నీ కలిపి అర నిమిషం తిప్పి దించు. మూత పెట్టకు, ఆవిరికి మళ్ళీ నీరు కారుతుంది.

అన్నం ముందే వండి పెట్టుకో. ఆదివారం చేసి ఫోన్ చెయ్యి. ముక్క ఎలా కొరుకుడు పడిందో చెబితే, కత్తి ఎటు పడిందో నేను చెప్తాను.

మీ పెద్దమ్మ