నాలుగు స్టార్లా, ఒకటా? ముందు ఏ ఏడాది పరీక్షో చూడండి

ప్రశ్న: టాటా టియాగో, మారుతి వ్యాగన్ ఆర్‌లలో ఏది కొనాలో తేల్చుకోలేకపోతున్నాం. క్రాష్ టెస్ట్‌లో ఒకదానికి 4 స్టార్లు, రెండోదానికి ఒకటే వచ్చాయంటున్నారు. అంత తేడా ఉందా? ఇంట్లో మూడేళ్ల పాప ఉంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తేడా ఉంది. కానీ ఆ 4నీ, 1నీ పక్కపక్కన పెట్టకూడదు. అవి వేర్వేరు పరీక్షల మార్కులు. టియాగోకు గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లకు క్రాష్ టెస్టులు చేసి స్టార్లిచ్చే అంతర్జాతీయ సంస్థ) 4 స్టార్లు ఇచ్చింది 2020లో, పాత పద్ధతిలో. అందులో ప్రధానంగా చూసేది ముందు నుంచి 64 కి.మీ. వేగంతో గుద్దుకుంటే ఏమవుతుందన్నదే. 2022 జులై నుంచి పక్క నుంచి ఢీకొనే పరీక్ష, బండి అదుపు తప్పకుండా ఆపే ఈఎస్‌సీ కూడా లెక్కలోకి వచ్చాయి. వ్యాగన్ ఆర్‌కు 1 స్టార్ వచ్చింది 2023లో, ఈ కఠిన పద్ధతిలోనే.

పాత పద్ధతిలో, 2019లో, వ్యాగన్ ఆర్‌కు 2 స్టార్లు వచ్చాయి. అంటే అసలు పోలిక 4కీ 2కీ మధ్య. పెద్దల రక్షణలో 17 మార్కులకు టియాగోకు 12.52, వ్యాగన్ ఆర్‌కు 6.93. పరీక్షించిన ఆ వ్యాగన్ ఆర్‌లో డ్రైవర్‌కు మాత్రమే ఎయిర్‌బ్యాగ్ ఉందన్నదీ గుర్తుంచుకోవాలి. అయితే 2023లో రెండు ఎయిర్‌బ్యాగులున్నా దాని బాడీ నిలకడగా లేదనే తేలింది, పిల్లల రక్షణలో స్టార్ ఒక్కటీ రాలేదు. బాడీ నలిగితే ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా కాళ్లకు దెబ్బ తప్పదు. చిన్నపాప ఉన్న ఇంటికి మా ఓటు టియాగోకే.

మీరు తీసుకునే వేరియంట్‌కు కొత్త భారత్ ఎన్‌క్యాప్ (మన దేశంలో చేసే క్రాష్ టెస్ట్) ఫలితం ఉందేమో అడగండి. పరీక్షించిన కారులో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయో, మీ వేరియంట్‌లో అన్నీ ఉన్నాయో సరిపోల్చండి. ఈఎస్‌సీ ఉందా అన్నది సేల్స్‌మన్ మాట మీద వదిలేయక బ్రోచర్‌లో చూడండి.

పాప సీటు విషయంలో తొందర వద్దు. షోరూంలోనే వెనక సీటు సందులో చెయ్యి పెట్టి చైల్డ్ సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు, సీటు వెనక పై పట్టీ తగిలించే కొక్కెం ఉన్నాయో చూడండి. పాప కూర్చోవాల్సింది వెనకే. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో పెడితే ప్రాణాల మీదకొస్తుంది.

కొన్నాక మనవాళ్లు చేసే పనులు కొన్నున్నాయి: ముందు బంపర్‌కు ఇనుప గార్డ్, సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటుకు బిగుతు కవర్, డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ మూతపై వినాయకుడు. గార్డ్ వల్ల ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు, కవర్ దాన్ని అడ్డుకుంటుంది. ఇక విగ్రహం, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్న క్షణంలో రాయిలా మొహానికి తగులుతుంది. దేవుణ్ణి మూత మీద కాకుండా పక్కన పెట్టుకోండి.