అతను తిరిగొచ్చే కథే రాస్తున్నాను, ఇది పిచ్చా?

ప్రశ్న: నా వయసు 27. మా ఆఫీసులో ఒకరి వీడ్కోలు పార్టీలో మైకు నా చేతికొచ్చింది. రెండేళ్లుగా ఇష్టపడుతున్న సహోద్యోగికి అందరి ముందూ నా ప్రేమ సంగతి చెప్పేశాను. అతను తల దించుకుని, ‘సారీ, నాకలాంటి ఉద్దేశం లేదు’ అన్నాడు. హాలంతా నిశ్శబ్దం. వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో వీడియో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రెండు నెలలైంది. భోజనం ఒక్కదాన్నే నా సీట్లో చేస్తున్నాను. రాత్రి మూడింటి దాకా రొమాంటిక్ కామెడీ నవలలు చదువుతున్నాను. వాటిలో హీరోయిన్ మొదట్లో నలుగురిలో నవ్వులపాలవుతుంది. తర్వాత తనేంటో తెలుసుకుంటుంది, ప్రేమా దక్కుతుంది. ఇప్పుడు నేనే అలాంటి కథ రాస్తున్నాను. చివర్లో అతను అందరి ముందూ మైకు అందుకుని నన్ను క్షమాపణ అడుగుతాడు. ఇది పిచ్చా? ఉద్యోగం మానేయాలా?

జవాబు: పిచ్చి కాదు. దెబ్బ తగిలిన చోటికే చెయ్యి పదేపదే వెళ్తుంది, మీ కథ అలాంటిదే. ఉద్యోగం సంగతి ఇప్పుడే తేల్చకండి. రెండు నెలలుగా సరిగ్గా నిద్రలేని మనిషి తీసుకోవాల్సిన నిర్ణయం కాదది.

ముందు ఆ వీడియో సంగతి చూడండి. పెట్టినవాళ్లకో, గ్రూపు అడ్మిన్‌కో నేరుగా రాయండి: ‘నేనన్న మాట నేను దాచుకోను. కానీ ఆ వీడియో ఫోన్లలో తిరగడం నాకిష్టం లేదు, తీసేయండి.’ వినకపోతే హెచ్‌ఆర్‌కు చెప్పండి. ఇందులో మీరు సిగ్గుపడాల్సిందేమీ లేదు.

‘అందరూ నన్ను గమనిస్తున్నారని అనుకోవడం మన భ్రమ’ అని మీకు చాలామంది చెప్పే ఉంటారు. మీ విషయంలో అది చెల్లదు. ఆ రోజు నిజంగానే అందరూ చూశారు. అయితే చూడటం వేరు, లెక్కగట్టడం వేరు. కెన్నెత్ సావిట్‌స్కీ, నికొలస్ ఎప్లీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా దీని గురించే. నలుగురిలో పరువు పోయిందనుకున్నవాళ్లు, చూసినవాళ్లు తమ గురించి ఎంత చెడ్డగా అనుకుంటారని ఊహించారో, నిజానికి చూసినవాళ్లు అంత చెడ్డగా అనుకోలేదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. మనకు ఆ ఒక్క నిమిషమే కనిపిస్తుంది. వాళ్లకు మన మిగతా రోజులన్నీ కూడా గుర్తుంటాయి. మీ సహోద్యోగులకు మీరు రెండేళ్లుగా తెలుసు. ఆ రెండేళ్లను మీరొక్కరే మర్చిపోయారు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు నాకొకటి తట్టింది. హాలు ఎలా ఉందో రాశారు, వెనక ఎవరో నవ్వారని రాశారు. అతనెలాంటివాడో, అతనిలో మీకేం నచ్చిందో ఒక్క మాట కూడా లేదు. రెండేళ్లు ఇష్టపడ్డ మనిషి ఉత్తరంలో తల దించుకోవడానికి మాత్రమే కనిపించాడు. మీ కథలోనూ అంతే, మైకు పట్టుకోవడానికే వస్తున్నాడు. ఇది తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మీకు కావలసింది అతనేనా, లేక అందరి ముందూ ఎవరో మిమ్మల్ని ఎంచుకోవడమా? ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. అందరి ముందూ ఎంచుకోబడాలన్న కోరిక చిన్నదేమీ కాదు. ఎప్పుడో, ఎక్కడో పక్కన పెట్టేస్తే మిగిలిపోయిన ఆకలి కావచ్చు. అది ఎప్పటిదో నాకు తెలియదు, మీకు తెలుస్తుంది.

మీరు చదివే నవలలకు పెద్దమ్మ లాంటిది జేన్ ఆస్టిన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. అందులో హీరోయిన్ ఎలిజబెత్ నృత్య సభలో తన గురించి హీరో డార్సీ చులకనగా అనడం వింటుంది. దాన్ని స్నేహితులకు తనే సరదాగా చెప్పి నవ్విస్తుంది. కానీ తనేంటో ఆమెకు తెలిసేది ఆ సభలో కాదు, పెళ్లిలో కూడా కాదు. మధ్యలో, ఒంటరిగా నడుస్తూ డార్సీ రాసిన ఒక ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదువుతున్నప్పుడు. అప్పుడామె తన తొందరపాటును తనే చూసుకుంటుంది. అక్కడ హీరో పక్కన లేడు. మీ కథలో ఆ అధ్యాయం ఇంకా లేదు.

అది రాయండి. నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు చాలు. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు ఇచ్చింది ఇంతే సమయం. తమను బాగా కలచివేసిన సంఘటనను, దానితో పాటు మనసులో మెదిలినదాన్ని రాసినవాళ్లకు రాసిన వెంటనే బాధ పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. మీకూ మొదటి రెండు రోజులు ఏడుపు రావచ్చు, భయపడకండి. పెన్నెబేకర్ తర్వాత గమనించింది ఇంకొకటుంది. మేలు జరిగినవాళ్ల రాతల్లో రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడర్థమైంది’ వంటి మాటలు పెరిగాయట. మీ పేజీల్లోనూ వాటి కోసం వెతకండి.

కథలో అతన్ని ఈ నాలుగు రోజులూ రానివ్వకండి. హీరోయిన్ మైకు పట్టుకునే ముందు ఏమనుకుంది? విడిగా, ఇద్దరే ఉన్నప్పుడు ఎందుకు అడగలేదు? విడిగా అడిగితే ఏ జవాబు వస్తుందో ఆమెకు ముందే తెలుసా?

అతనికి ఒక్కసారి, రెండు వాక్యాలు రాయండి: ‘అందరి ముందూ జవాబు చెప్పాల్సిన పరిస్థితిలో నిన్ను నిలబెట్టాను, సారీ. దీనికి జవాబివ్వక్కర్లేదు.’ ఆ రోజు ఇరుక్కుపోయింది మీరొక్కరే కాదు. అతను నెమ్మదిగానే కాదన్నాడు, ఆ కాదన్న మాటను అలాగే తీసుకోండి. మళ్లీ ప్రయత్నం వద్దు.

నిద్ర ఇలాగే ఉంటే, తిండి సయించకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. నవలలు మానక్కర్లేదు, పదకొండింటికి మూసేయండి.

సోమవారం భోజనానికి అందరూ కూర్చునే చోటికి వెళ్లండి. ఒక్కరితో మొదలుపెట్టండి, మీరు లేని లోటు ఎవరికి తెలుస్తోందనిపిస్తే వాళ్లతో. నాలుగు రోజుల పేజీలు పూర్తయ్యాక మీ కథ మొదటి అధ్యాయం మళ్లీ రాయాలనిపిస్తే, రాసి నాకు పంపండి. తప్పకుండా చదువుతాను.