వాలు సరిగ్గా ఉంటే సగం గొడవ పోయినట్టే: క్యాంపర్ మురుగు పైపు గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

కొరాపుట్, జయపురం, రాయగడ వైపు నుంచి క్యాంపర్ బండ్ల (లోపలే పడక, వంట, టాయిలెట్ ఉండే బండ్లు) గురించి ఈ మధ్య ఉత్తరాలు బాగా వస్తున్నాయి, దేవమాలి కొండకి వెళ్ళేవాళ్ళు, గోపాల్‌పూర్ బీచికి వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు కదా. సోలార్ గురించో ఫ్రిజ్ గురించో అడుగుతారనుకుంటే చాలామంది అడిగింది బండి కింద ఉన్న మురుగు ట్యాంకు గురించి. అడగాల్సిన ప్రశ్నే అది, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: సార్, పాత టెంపో ట్రావెలర్ కొని క్యాంపర్‌గా మార్పించుకున్నాం. వెనక పక్క 3 అంగుళాల అవుట్‌లెట్ ఇచ్చారు. దేవమాలి దగ్గర తెలిసినవాళ్ళ హోమ్‌స్టేలో ఆపి వాళ్ళ సెప్టిక్ చాంబర్‌లోకి పైపు పెట్టి వాల్వు లాగితే కొంత పోయి ఆగిపోయింది. పైపు తీసేటప్పుడు అందులో నిలబడిందంతా కింద పడింది, ఒకటే కంపు. పైపు బాలేదా, ట్యాంకు బాలేదా?
— ఓ పాఠకుడు, జయపురం

జవాబు: రెండూ బాగానే ఉండి ఉంటాయి తమ్ముడూ, నువ్వు రాసినదాన్ని బట్టి తేడా వాలులో ఉంది. ఈ పైపులో మోటారు ఏమీ ఉండదు, లోపలిది దానంతట అదే కిందకి జారాలి, కాబట్టి అవుట్‌లెట్ నుంచి చాంబర్ దాకా పైపు ఎక్కడా పైకి లేవకూడదు, మధ్యలో ఎక్కడా కిందకి వేలాడకూడదు. లెక్క ఏంటంటే అడుగుకి పావు అంగుళం, మీటరుకైతే దాదాపు 2 సెంటీమీటర్లు. 10 అడుగుల పైపుకి రెండున్నర అంగుళాలు, 20 అడుగులకి 5 అంగుళాలు. దేవమాలి పక్క నేల నీకు తెలిసిందే, ఒకచోట రాయి ఒకచోట గుంట, ఆ నేల మీద ముడతల పైపుని అలా పడేస్తే రెండు మూడు చోట్ల కడుపులు పడతాయి, నీళ్ళు ముందు జారిపోయి గట్టిది ఆ కడుపుల్లో కూర్చుంటుంది.

అందుకే పైపు తియ్యకముందే బండి ఎక్కడ ఆపాలో చూసుకో. అవుట్‌లెట్ చాంబర్ వైపు ఉండేలా, వీలైనంత దగ్గరగా, బండి నిలబడ్డ చోటు చాంబర్ మూత కంటే ఎత్తుగా ఉండేలా ఆపు. పైపు ఎంత పొట్టిదైతే అంత మంచిది, 20 అడుగులది ఉంది కదా అని మొత్తం పరిచెయ్యకు, ముడతల పైపు అయితే ముడుచుకుంటుంది కదా, కావలసినంతే లాగు. పైపు కింద పెట్టే మడత స్టాండ్లు విదేశాల్లో దొరుకుతాయి, ఒక చివర ఎత్తుగా మొదలై రెండో చివరకి వచ్చేసరికి తగ్గుతూ ఉంటాయి. మనకి అవి లేకపోయినా పర్లేదు, 110 ఎం.ఎం. పీవీసీ పైపుని నిలువుగా సగానికి కోసుకుంటే చక్కటి దోనె వస్తుంది, దాని కింద ఇటుకలు, సగం ఇటుకలు, చెక్క ముక్కలు ఎత్తు తగ్గిస్తూ పెట్టి పైపుని అందులో పడుకోబెట్టాలి. వాలు కంటికి ఆనదు, నేలే వాలుగా ఉన్నచోట కళ్ళు మోసం చేస్తాయి, మేస్త్రీలు వాడే నీళ్ళ లెవెల్ ట్యూబు రెండు మీటర్లది బండిలో పడేసుకో, అవుట్‌లెట్ దగ్గర ఒక చివర, చాంబర్ దగ్గర ఒక చివర పెడితే ఎత్తు తేడా ఎంతో క్షణంలో తేలిపోతుంది. పైపు అంతకన్నా పొడుగైతే ట్యూబు కూడా అంత పొడుగుది కొనుక్కో.

ఇంకోటి, చాంబర్‌లో పెట్టిన చివర వదులుగా ఉంటే వాల్వు తెరిచిన క్షణంలో ఎగిరి బయటికొచ్చేస్తుంది. ఎల్బో (వంపు తిరిగిన పైపు ముక్క) బిగించి దాని మీద ఇసుక సంచో రెండు ఇటుకలో పెట్టు. బండి వైపు చివర పళ్ళు పట్టి తిరిగి లాక్ అయ్యే ఫిట్టింగు ఉంటుంది, అది పూర్తిగా తిరిగిందో లేదో చేత్తో లాగి చూడు. అక్కడ లోపల కనిపించే ఎల్బో ఒకటి పెట్టించుకుంటే ఎంత పోయింది, నీళ్ళు తేటగా వస్తున్నాయా లేదా అన్నది కనబడుతుంది, ఇది మాత్రం ఖర్చుకి వెనకాడకుండా పెట్టించుకోమని నా సలహా. అసలు పైపు మన ఊళ్ళో దొరక్కపోతే పొలం మోటారుకి వాడే ఆకుపచ్చ సక్షన్ పైపు 3 అంగుళాలది రెండు వైపులా క్లాంపులు వేసి వాడుకోవచ్చు, బరువు ఎక్కువే గానీ గట్టిగా ఉంటుంది కాబట్టి కడుపులు తక్కువ పడతాయి, లోపల నున్నగా కూడా ఉంటుంది.

చాంబర్‌లో పైపు పెట్టేముందు రెండు బకెట్ల నీళ్ళు పోసి చూడు. వానాకాలంలో సెప్టిక్ ట్యాంకు నిండిపోయి ఉంటే నీళ్ళు అక్కడే నిలబడతాయి, అలాంటి చోట వాల్వు తెరవనే తెరవకు. అలాగే బండి కట్టినవాళ్ళు ట్యాంకుకి గాలి గొట్టం పైకప్పు దాకా పెట్టారో లేదో చూసుకో, గాలి లోపలికి వెళ్ళే దారి లేకపోతే గడగడమంటూ ఆగాగి వస్తుంది.

ప్రశ్న: నమస్తే అండి. మా అమ్మాయి వాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు. మేం వెళ్ళినప్పుడు ఆర్వీ, అంటే అక్కడి క్యాంపర్ బండి, అద్దెకి తీసుకుని తిరుగుదాం అంటున్నారు. నీళ్ళు, కరెంటు, మురుగు కనెక్షను అన్నీ ఉండే ఫుల్ హుకప్ సైటు బుక్ చేస్తే పైపు ఒకసారి పెట్టి వాల్వులు రెండూ తెరిచి వదిలేయచ్చు, ఇంట్లో లాగే వాడుకోవచ్చు అంటున్నాడు అల్లుడు. నాకెందుకో నమ్మకం కుదరట్లేదు.
— ఓ పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీ అనుమానం సరైనదేనమ్మా. పైపు పెట్టి ఉంచుకోవచ్చు, బ్లాక్ ట్యాంకు వాల్వు మాత్రం మూసే ఉండాలి. ఆ బండ్లలో రెండు ట్యాంకులుంటాయి, టాయిలెట్‌ది బ్లాక్, సింకు స్నానం నీళ్ళది గ్రే. బ్లాక్ వాల్వు తెరిచి వదిలేస్తే నీళ్ళు ఎప్పటికప్పుడు కారిపోయి గట్టిది ట్యాంకు అడుగున కుప్పపడి ఎండిపోతుంది, ఇక అది కదలదు. ట్యాంకు కనీసం మూడింట రెండు వంతులు నిండేదాకా ఆగి, ఒక్కసారిగా పూర్తిగా తెరిస్తే ఆ నీళ్ళ బరువే లోపలిదంతా ఈడ్చుకుపోతుంది. బయల్దేరే రోజుకి అంత నిండకపోతే టాయిలెట్‌లోంచి నీళ్ళు పోసి నింపి తెరవమనండి. మనం చెంబుతో నీళ్ళు వాడేవాళ్ళం కాబట్టి గట్టిపడే బెడద మనకి తక్కువే, కానీ ట్యాంకు తొందరగా నిండుతుంది, రోజూ ఓసారి చూసుకోవాల్సిందే.

ఎప్పుడూ బ్లాక్ ముందు, గ్రే తర్వాత. సబ్బు నీళ్ళు వెనకాల వస్తే పైపు కడిగినట్టవుతుంది. ఆ నీళ్ళు మిగలాలంటే గ్రే వాల్వు కూడా ముందురోజు నుంచి మూసి ఉంచాలి. నన్నడిగితే అన్ని రోజులూ మూసే ఉంచమంటాను, ఎందుకంటే తెరిచి ఉంచితే సైటు మురుగు లైనులోని వాసన, పురుగులు పైపు గుండా పైకి వస్తాయి. కొంతమంది గ్రే తెరిచి పైపుని ఒకచోట వంపు తిప్పి అందులో నీళ్ళు నిలబడేలా చేస్తారు, వాసన ఆగుతుంది, కానీ పప్పు జిడ్డు, అన్నం మెతుకులు ఆ వంపులోనే చేరతాయి.

అయిపోయాక రెండు వాల్వులూ మూసి ముందు బండి వైపు చివర విప్పాలి, ఆ చివర ఎత్తి పట్టుకుని చాంబర్ వైపు నడుచుకుంటూ పోతే లోపల మిగిలింది అందులోకే జారిపోతుంది, అప్పుడు నీళ్ళతో కడిగి రెండో చివర తియ్యాలి. గ్లౌజులు తప్పనిసరి. కడగడానికి వాడే నీళ్ళ పైపు వేరే రంగుది ఉండాలి, తాగేనీళ్ళ పైపు, ఆ కుళాయి రెండూ దీనికి ముట్టుకోనివ్వకండి, ఈ ఒక్క విషయంలో అల్లుడుగారితో గట్టిగానే చెప్పండి. ఖాళీ చేశాక బ్లాక్ ట్యాంకులో ఒక బకెట్ నీళ్ళు పోసి మూసేస్తే మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అడుగున అంటుకోదు.

ప్రశ్న: మా ఫామ్‌హౌస్‌లో చాంబర్ గట్టు మీద ఉంది, బండి ఆగే చోటు పల్లం. పైపు ఎలా వేసినా ఎక్కుడే. దారేటి?
— ఓ పాఠకుడు, గుణుపురం

జవాబు: పైపుతో దారి లేదు బాబూ, మురుగు ఎక్కదు. ఎక్కించాలంటే మాసరేటర్ పంపు పెట్టాలి, లోపలిది మెత్తగా నలిపి ఒక అంగుళం పైపులోంచి పైకి తోస్తుంది, 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. లేదంటే చక్రాల టోట్ ట్యాంకు, అందులోకి దింపుకుని గట్టు మీదకి లాక్కెళ్ళాలి, నిండితే చాలా బరువు, ఒక్కడివే లాగకు. ఇంకా కట్టడం నీ చేతిలో ఉంటే బండి ఆగే చోట మట్టి పోయించి ఎత్తు చేసుకోవడమే నయం.

ప్రశ్న: రాయగడ దగ్గర చిన్న హోమ్‌స్టే నడుపుతున్నాం. క్యాంపర్లు వస్తున్నాయి, ట్యాంకు ఎక్కడ ఖాళీ చెయ్యాలని అడుగుతున్నారు. ఒకాయన అయితే వెనక గెడ్డలోకి వదిలేస్తానన్నాడు, వద్దన్నాం. ఒక పాయింటు కట్టించాలంటే ఎలా?
— ఓ గృహిణి, రాయగడ జిల్లా

జవాబు: వద్దని మంచి పని చేశారమ్మా. మీ గెడ్డ కింద ఎన్ని ఊళ్ళున్నాయో మీకే తెలుసు, ఎండాకాలం ఆ ఇసకలో చెలమ తీసుకుని తాగేవాళ్ళున్నారు, పశువులు దిగేదీ అక్కడే. ఒక బండి ట్యాంకు అందులో పడిందంటే విరేచనాలు, కామెర్లు ఏ పిల్లాడికి పట్టుకుంటాయో చెప్పలేం. గ్రే నీళ్ళే కదా అని వదిలేస్తామన్నా ఒప్పుకోకండి, గంజి, నూనె, సబ్బు కలిసిన నీళ్ళు రెండు రోజులకే పులిసి అవీ మురుగే అవుతాయి.

కట్టడం పెద్ద ఖర్చు కాదు. మీ సెప్టిక్ ట్యాంకుకి వెళ్ళే 4 అంగుళాల లైనులోంచి ఒక కొమ్మ తీసి బండ్లు ఆగే చోటుకి తేవాలి, అదే పావు అంగుళం వాలుతో. చివర పైపు నోరు నేల మట్టానికి ఒక్క అంగుళమే పైకి ఉంచండి, మేస్త్రి అలవాటుగా అడుగున్నర ఎత్తు లేపుతాడు, అప్పుడు బండి అవుట్‌లెట్ దానికంటే కింద పడి మొత్తం పని దండగ. చుట్టూ మూడడుగుల సిమెంటు పళ్ళెం, నోటి వైపుకి వాలేలా, అంచు కట్టి, చుక్క పడినా లోపలికే పోవాలి, వాన నీళ్ళు బయటినుంచి రాకూడదు. నోటి కింద పీ-ట్రాప్ (ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలబడే వంపు) వేయించండి, వాసన ఆగుతుంది. మరలు తిరిగే మూత పెట్టి ఎప్పుడూ మూసి ఉంచండి. పక్కన ఒక కుళాయి, దాని మీద ఒడియాలో, తెలుగులో ఎర్ర అక్షరాలతో తాగే నీళ్ళు కావు అని రాయించండి.

సెప్టిక్ ట్యాంకు నీళ్ళు వెళ్ళే ఇంకుడు గుంత మీ బావికి కనీసం 60 అడుగుల దూరంలో ఉండాలి, గెడ్డకి ఎంత దూరమైతే అంత మంచిది. ఇంటి నలుగురికి కట్టిన సెప్టిక్ ట్యాంకు మీద వరసగా బండ్లు ఖాళీ చేయిస్తే లోపల పేరుకునే టైము దొరక్క మలం నేరుగా గుంతలోకి పోతుంది, కాబట్టి బండ్లు ఎక్కువైతే వాటికి విడిగా ట్యాంకు కట్టించుకోవాలి. నిండాక తోడించడానికి మునిసిపాలిటీ సెస్‌పూల్ బండిని అడగండి. ఒడిశాలో చాలా పట్టణాలకి ఆ మలం శుద్ధి చేసే ప్లాంట్లు కట్టారు, బరంపురంలోనూ ఉంది. తోడినది అక్కడికే వెళ్తుందా, పక్క పొలంలో పోస్తారా అని అడిగి మరీ మాట్లాడుకోండి.

ప్రశ్న: బ్లాక్ ట్యాంకు జామైంది సార్, వాల్వు లాగినా చుక్క రావట్లేదు. యాసిడ్ పొయ్యమని ఒకరు, ఫినాయిల్ పొయ్యమని ఒకరు, మనిషిని పెట్టి కెలికిద్దామని ఒకరు. ఏం చెయ్యమంటారు?
— ఓ పాఠకుడు, బరంపురం

జవాబు: మూడూ వద్దు. యాసిడ్ వాల్వులోని రబ్బరు సీళ్ళని తినేస్తుంది, ఆ తర్వాత వాల్వు మూసినా కారుతూనే ఉంటుంది. ఫినాయిల్, బ్లీచింగు అయితే సెప్టిక్ ట్యాంకులో మలాన్ని కరిగించే బాక్టీరియాని చంపేస్తాయి, మీ జామ్ పోదు సరికదా రేపు ఎవరి ట్యాంకులో వదిలితే వాళ్ళది కూడా పాడవుతుంది. ఇక మనిషిని పెట్టడం, ఆ మాట అన్నవాళ్ళకి గట్టిగా చెప్పండి, చేత్తో మలం ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం, రక్షణ సామాను లేకుండా సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడమూ నేరమే, డబ్బులిస్తున్నాం కదా అంటే చెల్లదు. మీ బండి మురుగుకి ఇంకొకడి చేతులు ముంచాల్సిన అవసరం అసలు రాకూడదు.

ట్యాంకులో వేణ్ణీళ్ళు పొయ్యండి, మరుగుతున్నవి కాదు, చెయ్యి పట్టేంత వేడి, ముప్పావు దాకా. టాయిలెట్ ఎంజైమ్ పొడి కలపండి, సెప్టిక్ ట్యాంకులకి వాడే బాక్టీరియా పొడి దొరికినా చాలు. రాత్రంతా ఉంచి పొద్దున్న బండిని కాస్త గతుకుల రోడ్డు మీద తిప్పుకు రండి, లోపల నీళ్ళు ఊగి కుప్ప విరుగుతుంది. అప్పుడు పైపు బిగించి, చాంబర్ చివర గట్టిగా ఉందో లేదో చూసుకుని వాల్వు పూర్తిగా లాగండి. రాకపోతే మళ్ళీ అదే, ఇంకో రాత్రి. అప్పటికీ కదలకపోతే టాయిలెట్‌లోంచి ట్యాంకు లోపలికి దించి నీళ్ళు చిమ్మే పొడుగు గొట్టం ఒకటి ఉంటుంది, దానితో కుప్ప మీద పడేలా కొట్టాలి, వాల్వు తెరిచే ఉంచి, పైపు చాంబర్‌లోనే ఉంచి.