ల్యాప్‌టాప్‌లో డబ్బు దేని మీద పెట్టాలి?

ప్రశ్న: ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తాను, రోజంతా టైపింగే. ల్యాప్‌టాప్ కోసం కొంత దాచాను. ఇంకాస్త వాయిదాల్లో కట్టి పెద్ద ప్రాసెసర్ ఉన్నది తీసుకోమంటున్నారు. నాకేమో స్క్రీన్, కీబోర్డు, టచ్‌ప్యాడ్ బాగుంటే చాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీకనిపించిందే కరెక్ట్. దీనికోసం అప్పు చేయకండి. మీ పనికి మధ్యరకం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా సరిపోతుంది, ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డీ అయితే చాలా మోడళ్లలో తర్వాత కూడా పెద్దది వేయించుకోవచ్చు. కానీ నాసిరకం స్క్రీన్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌ని, అమ్మేసేదాకా అలాగే భరించాలి.

'ఫుల్ హెచ్‌డీ' అన్న మాట ఒక్కటే చూసి కొనకండి, అది పిక్సెళ్ల లెక్క మాత్రమే. ఐపీఎస్ ప్యానెలా (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం), వెలుతురు కనీసం 300 నిట్స్ ఉందా అని అడగండి. వివరాల్లో '45% ఎన్‌టీఎస్‌సీ' (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని కనిపిస్తే రంగులు వెలిసిపోయినట్టుంటాయని అర్థం. మీకైతే 1920×1200 స్క్రీన్ మేలు, మామూలు 1920×1080 కంటే పేజీలో కొన్ని లైన్లు ఎక్కువ కనిపిస్తాయి, అనువాదం చేసేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

కీబోర్డు గురించి ఎవరి మాటా వినకుండా షాపులోనే నిలబడి ఒక పేరా మొత్తం టైప్ చేయండి. మధ్యలో గట్టిగా నొక్కితే కిందికి కుంగుతుంటే వదిలేయండి. చాలా సన్నటి మోడళ్లలో కీబోర్డు పాడైతే పై ప్యానెల్ అంతా మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు ఎంతో ముందే కనుక్కోండి. టచ్‌ప్యాడ్‌ని పై అంచు దగ్గర కూడా నొక్కి చూడండి, చాలావాటిలో కింది సగమే క్లిక్ అవుతుంది.

వడ్డీ లేని వాయిదాలు అన్నా నమ్మి సంతకం పెట్టేయకండి. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ఒకేసారి కడితే తగ్గింపు ఎంత ఇస్తారు, రెండూ అడిగాక తేడా మీకే కనిపిస్తుంది. బడ్జెట్ మరీ చాలకపోతే ఆఫీసుల కోసం తయారైన బిజినెస్ మోడల్, వారంటీతో వచ్చే రీఫర్బిష్డ్‌ది (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది) చూడండి, వాటి కీబోర్డులు సాధారణంగా బాగుంటాయి, బ్యాటరీ పరిస్థితి మాత్రం చెక్ చేయించుకోవాలి.

ఇంకో మాట. మీరు దాన్ని బయటికి తీసుకెళ్లేది అరుదైతే మామూలు ల్యాప్‌టాప్ కొని, మిగిలిన డబ్బుతో విడిగా మంచి మానిటర్, కీబోర్డు, మౌస్ తీసుకోండి. ల్యాప్‌టాప్ మార్చినా అవి మీ దగ్గరే ఉంటాయి.