429 కోట్ల సంఖ్య మీద వ్యాసం పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 4294967297 గురించి రాశానన్నావు గానీ, నాలుగు పేజీల్లో ఆ సంఖ్య ఒక్కసారే కనపడింది, 'అద్భుతం' మాత్రం పదకొండు సార్లు వచ్చింది (లెక్కపెట్టాను, ఏమనుకోకు).

ముందు దాన్ని మనవాళ్లు చదివేలా రాయి. పది అంకెలు వరసగా ఉంటే ఎవరైనా దాటేసి పోతారు. 429 కోట్ల 49 లక్షల 67 వేల 297 అని రాస్తే కాస్త ఆగుతారు. నీకూ తప్పులు తగ్గుతాయి. నేను కొత్తల్లో ఇదే సంఖ్య మీద రాసినప్పుడు చివరి 97ని 79 చేసేశాను. వారం తిరక్కుండా ఒక రిటైర్డు లెక్కల మాస్టారి దగ్గర్నుంచి కార్డు: "మీ సంఖ్యను 641తో భాగిస్తే 623 మిగులుతోంది నాయనా." అసలు సంఖ్యనైతే 641 నిశ్శేషంగా భాగిస్తుంది మరి. అంతే, ఇంకో మాట లేదు. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా కథ నువ్వు బాగానే చెప్పావు. 2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537, అన్నీ ప్రధాన సంఖ్యలే; ఇలాగే ఎంతదూరమైనా పోతుందని ఆయన నమ్మాడు. కానీ తన దగ్గర నిరూపణ లేదని 1640లో ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నాడు, అది నువ్వు వదిలేశావు. దాంతో పాపం ఆయన తొందరపాటు మనిషిలా మిగిలాడు. తర్వాతది ఘాతం 32, అదే మన సంఖ్య. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దాన్ని 641 భాగిస్తుందని చూపించి ఆ నమ్మకాన్ని పడగొట్టాడు.

అసలు విషయం ఇక్కడుంది, నువ్వేమో "ఆయిలర్ మేధస్సు అద్భుతం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మామూలుగా అయితే 65536 లోపు, అంటే దాదాపు దాని వర్గమూలం దాకా, ప్రధాన సంఖ్యలన్నీ వేసి చూడాలి, అవి 6542. కానీ ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదున్నా 64తో భాగిస్తే 1 మిగలాల్సిందేనని తర్వాత ఆయనే నిరూపించాడు. ఆ జల్లెడలో మిగిలేవి 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదోదే! పాఠకుడికి మేధస్సు గురించి చెప్పకు, ఈ ఐదు సంఖ్యలూ చేతిలో పెట్టు చాలు.

ఇంకోటి. 641తో భాగిస్తే వచ్చేది నువ్వు కాలిక్యులేటర్‌లో కొట్టి 6700417 అని వేసినట్టున్నావు. కాగితం మీద చెయ్యి. 4294లో 641 ఆరుసార్లు పోయి 448 మిగులుతుంది, 9 దించితే 4489, ఏడుసార్లు పోయి 2 మిగులుతుంది. అబ్బా, రెండంటే రెండు. అక్కణ్నుంచి వరసగా రెండు సున్నాలు, ఒక 4, ఒక 1, మళ్లీ అదే 448 ఎదురవుతుంది. ఈసారి దించేది 7. 4487. సరిగ్గా ఏడుసార్లు, ఏమీ మిగలదు. మొదటిసారి ఇది చేసినప్పుడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది, జవాబు ముందే తెలిసినా సరే.

మళ్లీ రాసి పంపేటప్పుడు ఆ భాగహారం చేసిన కాగితం కూడా ఫొటో తీసి పెట్టు. కొట్టివేతలుంటే ఉండనీ.

మీ అన్న