పిల్లల దురదకు నూనె మంచిదే, కానీ స్నానం అయ్యాక

సంక్రాంతి సెలవులకి గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మా బ్రాడీపేట ఇంటికి రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ఎక్కువమంది చిన్నపిల్లలతో మొదటిసారి అమెరికా వెళ్తున్న తల్లులు. వీసా స్టాంపింగ్, సామాను బరువు, స్కూల్ అడ్మిషన్ల కబుర్లన్నీ అయ్యాక ఈ ప్రశ్న తప్పకుండా వస్తోంది: "అక్కా, మా పాపకి ఇక్కడే చలికాలంలో మోచేతి మడతలు గరుకుగా అయిపోయి ఒకటే గోక్కుంటుంది. అక్కడ మంచు కదా, ఇంకెలా ఉంటుందో! ఏం పట్టుకెళ్లమంటారు?"

పక్కనే కూర్చున్న అత్తగారు ఈలోపే జాబితా చెప్పేస్తారు. మర పట్టించిన సున్నిపిండి, వేపాకు పొడి, కస్తూరి పసుపు, గానుగ నూనె. మనవరాలికి పుట్టినప్పటి నుంచి నూనె రాసి నలుగు పెట్టిన చేతులు ఆవిడవి, ఆ ప్రేమని నేను తక్కువ చేయను. కానీ ఆ పద్ధతి పుట్టింది గుంటూరు ఎండకీ, చెమటకీ. మేముండే మిషిగన్ చలికి అందులో వరస తిరగేయాలి. నేను అందరికీ ముందు చెప్పేది ఈ ఒక్క మాటే.

మనం ముందు నూనె పట్టిస్తాం. తర్వాత సున్నిపిండితో రుద్ది ఆ జిడ్డంతా వదలగొడతాం. ఆపైన పొగలు కక్కే నీళ్లు పోస్తాం. ఇక్కడ గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి చాలామంది పిల్లలకి సరిపోతుంది. అక్కడ జనవరిలో బయటి గాలి గడ్డకట్టేంత చల్లగా ఉంటుంది, అంత చల్లటి గాలిలో తేమ ఉండేదే తక్కువ. అదే గాలి ఇంట్లోకొచ్చి ఫర్నేస్‌లో, అంటే ఇల్లు వెచ్చబెట్టే యంత్రంలో, వేడెక్కేసరికి మరీ పొడిగా తయారై, దొరికిన చోటల్లా తడి లాగేస్తుంది. రాత్రి ఆరేసిన తువ్వాలు తెల్లారేసరికి అప్పడంలా ఉంటుంది. పిల్లల ఒంటికి జరిగేదీ అదే.

చర్మం పైపొరలో ఉండే కొవ్వు ఒంట్లోని నీరు బయటికి పోకుండా ఆపుతుంది. కొందరు పిల్లలకి పుట్టుకతోనే ఆ పొర బలహీనంగా ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, తుమ్ముల ఎలర్జీ ఉంటే అలాంటి పిల్లలు ఎక్కువ. డాక్టర్లు ఎగ్జిమా అనేది దీన్నే. ఇది అంటుకునే జబ్బు కాదు, శుభ్రత లేక వచ్చేది అసలే కాదు. డేకేర్‌లో ఎవరైనా అనుమానంగా చూస్తే ధైర్యంగా ఈ మాటే చెప్పండి. అలాంటి ఒంటి మీద ఉన్న కాస్త కొవ్వునీ వేడినీళ్లతో, పిండితో, సబ్బుతో కడిగేస్తే ఇక మిగిలేది దురదే.

స్నానం మానక్కర్లేదు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, మీ మోచెయ్యి ముంచి చూస్తే వేడి తెలియకూడదు. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. మామూలు సబ్బు వద్దు, వాసన లేని మైల్డ్ క్లెన్సర్ తీసుకోండి. అది కూడా చంకలు, గజ్జలు, పాదాల దాకా చాలు. సీసా మీద 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉందో లేదో చూడండి. 'అన్‌సెంటెడ్' అని రాసినవాటిలో వాసన తెలియకుండా చేసే ఇంకేదో కలిపి ఉండొచ్చు.

బయటికి తీశాక తువ్వాలుతో రుద్దకండి, అద్దండి. మోకాళ్ల వెనక ఇంకా తడి మెరుస్తుండగానే, బాత్‌రూమ్ తలుపు తీయకముందే, మూడు నిమిషాల్లోపు ఒళ్లంతా క్రీమో వాజలీనో పూత పూర్తవ్వాలి. చెయ్యి చాపించి మోచేతి మడత లోపలి గీతల్లోకి కూడా వెళ్లేలా రాయండి. వెంట్రుకలు వాలిన వైపుకే నిమరాలి, అడ్డదిడ్డంగా రుద్దితే వాటి మొదళ్ల దగ్గర పొక్కులొస్తాయి. రాశాక ఒళ్లు కాస్త జిడ్డుగా ఉండాలి, దాన్ని తుడిచేయకండి. రోజుకి రెండుసార్లు, స్నానం లేని పూట కూడా, ఈ పూత తప్పనిసరి. లోషన్‌లో నీళ్లు ఎక్కువ కాబట్టి తొందరగా ఆరిపోతుంది. క్రీమ్ అంతకంటే నయం. వాజలీన్ లాంటి పెట్రోలియం జెల్లీ అన్నిటికన్నా బాగా తడిని ఆపుతుంది, ధరా తక్కువే. ఒక జాగ్రత్త: ఇలాంటివి ఇంకిన బట్టలు నిప్పు తగిలితే తొందరగా అంటుకుంటాయి. పూజగదిలో దీపాల దగ్గరికి పిల్లల్ని ఆ బట్టలతో వెళ్లనివ్వకండి.

మరి నూనె? ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లల మీద చేసిన పరిశోధనలో వర్జిన్ కొబ్బరి నూనె మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) కంటే మంచి ఫలితమిచ్చింది. కాబట్టి నాయనమ్మ గారు కొబ్బరి నూనె నిశ్చింతగా పట్టుకురావచ్చు, స్నానం అయ్యాక తడి ఒంటి మీద ఆవిడే రాయొచ్చు. వాసన కలిపిన తలనూనె మాత్రం కాదు. ముందు కొద్ది చోట రెండు మూడు రోజులు రాసి చూడండి, మంటగానీ దద్దుర్లుగానీ వస్తే మానేయండి. ఆలివ్ నూనె, ఆవనూనె చర్మం పైపొరని దెబ్బతీస్తాయి, అవి వద్దు. వేరుశనగ నూనె, బాదం నూనె, పాల మీగడ, శనగపిండి కూడా పగిలిన చర్మం మీద పెట్టకండి. తినే పదార్థం నోట్లోంచి కాకుండా పుండులోంచి ఒంట్లోకి వెళ్తే, తర్వాత తిన్నప్పుడు అదే ఎలర్జీగా మారే ప్రమాదం ఉంది. సున్నిపిండి సంగతీ ఇంతే. పైగా ఆ గరుకుతో పగిలిన చోట రుద్దడమంటే పిల్ల గోక్కున్న చోటే మనం మళ్లీ గోకడం.

నలుగు లేదని ఇంట్లో పెద్దవాళ్లకి వెలితిగా అనిపిస్తే ఓట్స్ స్నానం చేయించమనండి. ఓట్స్‌ని మెత్తగా పొడిచేసిన కొల్లాయిడల్ ఓట్‌మీల్‌ని అమెరికాలో మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో చర్మాన్ని కాపాడే పదార్థంగా గుర్తించింది. అక్కడ ప్యాకెట్లలో అమ్ముతారు, మీతో తీసుకెళ్లే మిక్సీ ఉంటే అదీ కొనక్కర్లేదు. చక్కెర, ఫ్లేవర్లు కలపని మామూలు ఓట్స్ అరకప్పు తీసుకుని బాగా మెత్తగా పట్టండి. ఒక చెంచా పొడిని గ్లాసుడు నీళ్లలో కలిపితే నీళ్లు తెల్లగా మారాలి. అడుగున పేరుకుంటే ఇంకా నలగాలి. టబ్బు నిండుతున్నప్పుడు కుళాయి ధార కింద ఈ పొడి చల్లి, పిల్లని పది నిమిషాలు కూర్చోబెట్టండి. టబ్బు బాగా జారుతుంది, చెయ్యి వదలొద్దు. తర్వాత మామూలుగానే పూత.

వేపాకు నీళ్లు ఆటలమ్మ తగ్గాక పోయడం మనకి అలవాటే. పొడిబారిన ఒంటికి వాటి అవసరం లేదు. వేపనూనె మాత్రం పిల్లల నోట్లోకి అసలు పోకూడదు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. పసుపు కూడా కొందరికి దద్దుర్లు తెస్తుంది. 'రక్తశుద్ధి' అంటూ నోటికిచ్చే పొడులూ మాత్రలూ పెట్టెలో పెట్టుకోకండి. బోస్టన్ చుట్టుపక్కల షాపుల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయని 2004లో పరిశోధకులు ప్రచురించారు. పిల్లల విషయంలో ఆ రిస్క్ మనకెందుకు?

ఇంతకంటే నాకు ఎక్కువ భయం మెడికల్ షాపు ట్యూబులంటే. తామరకీ, గజ్జికీ, దురదకీ అన్నిటికీ ఒకటే అని చేతిలో పెట్టేవాటిలో చాలా ఘాటైన స్టెరాయిడ్ ఉండొచ్చు. రెండు రోజుల్లో మాయమైనట్టే ఉంటుంది, ఆపగానే రెట్టింపై తిరిగొస్తుంది. నెలల తరబడి రాస్తే పిల్లల చర్మం పల్చబడిపోతుంది. అలాగని స్టెరాయిడ్ పేరు వినగానే టెన్షన్ పడి డాక్టర్ రాసింది పక్కన పెట్టకండి. ఒంటి మీద ఏ చోటికి, ఎంత, ఎన్ని రోజులు అని చూసి ఇచ్చిన తక్కువ ఘాటు మందు వేరు.

వంకాయ, గోంగూర మాన్పించాలా అని కూడా అడుగుతారు. తిన్న వెంటనే దద్దుర్లు, వాంతులు వస్తే డాక్టర్‌కి చెప్పాలి. ఊరికే అనుమానంతో పాలు, గుడ్లు, పప్పులు మానేస్తే ఎదిగే పిల్ల చిక్కిపోతుంది. పుల్లటి కూర మూతి చుట్టూ అంటి మండుతుంటే, తినే ముందు అక్కడ కాస్త వాజలీన్ రాస్తే చాలు.

పడకగదిలో కూల్ మిస్ట్ హ్యుమిడిఫయర్ (గాలిలోకి చల్లటి తేమ వదిలే యంత్రం) పెట్టుకోండి. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది, అది కొలిచే చిన్న మీటర్ చవకగానే దొరుకుతుంది. 50 దాటితే బూజు, డస్ట్ మైట్స్ (దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు) పెరిగి అదో ఇబ్బంది. నీళ్లు రోజూ మార్చాలి. స్వెటర్ ఉన్ని నేరుగా ఒంటికి తగలకూడదు, లోపల కాటన్ బనియన్ ఉండాలి. గుంటూరు నుంచి పట్టుకెళ్లేవాటిలో నేను గట్టిగా చెప్పేది ఇదే: కాస్త వదులుగా ఉన్న పల్చటి కాటన్ బట్టలు నాలుగు జతలు ఎక్కువ పెట్టుకోండి. దురద మరీ ఎక్కువైన రాత్రి పూత రాసి, గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన జత తొడిగి, దానిపైన పొడి జత వేస్తే చాలామందికి నిద్ర పడుతుంది. గది వెచ్చగా ఉండాలి, పిల్ల వణకకూడదు. స్టెరాయిడ్ రాసిన రోజు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇలా చేయొద్దు.

తేనెరంగు చెక్కు కట్టినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, నొప్పితో చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచినా ఆ రోజే చూపించండి. ఇంట్లో అందరికీ రాత్రిళ్లు దురదగా ఉండి, వేళ్ల సందుల్లో పొక్కులుంటే అది గజ్జి కావొచ్చు, దాని మందు వేరు.

స్కిన్ స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్‌కి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పిల్లల డాక్టరే దీన్ని చూస్తారు, వెళ్లగానే అక్కడ పేరు నమోదు చేయించుకోండి. తెల్లతోలు మీద ఎర్రగా కనిపించే ఎగ్జిమా మన పిల్లల ఒంటి మీద నల్లగా, బూడిదరంగులో, ఒక్కోసారి చిన్న పొక్కుల్లా ఉంటుంది. మనవాళ్లని ఎక్కువగా చూడని డాక్టర్ తేలిగ్గా తీసుకునే అవకాశం ఉంది. అందుకే బాగా ఎక్కువైన రోజున పగటి వెలుతురులో ఫోటోలు తీసి చూపించండి, రాత్రి ఎన్నిసార్లు లేస్తోందో చెప్పండి. తగ్గాక మిగిలే తెల్లటి, నల్లటి మచ్చలు చూసి బొల్లేమోనని హడలిపోకండి, సాధారణంగా కొన్ని నెలల్లో వాటంతటవే కలిసిపోతాయి. స్కూల్లో మధ్యాహ్నం మందు రాయాలంటే నర్సు డాక్టర్ సంతకం ఉన్న ఫారం అడగొచ్చు. ఆ సంతకం మొదటిసారి వెళ్లినప్పుడే చేయించుకోండి.