బీచ్ చెట్ల కింద పట్టిన వాన నీళ్లలో పొటాషియం ఎక్కువొస్తోందా?
మీ శాంపిల్ పాడవలేదండీ, కంగారు పడకండి. బయట ఖాళీలో పెట్టిన డబ్బా కంటే చెట్ల కింది డబ్బాలో పొటాషియం చాలా రెట్లు ఎక్కువొచ్చిందన్నారు కదా, బీచ్ అడవిలో (సముద్రం బీచ్ అనుకునేరు ఎవరైనా, చెట్టు పేరది) ఇది మామూలే, వాన ఆకుల్లోంచే పొటాషియాన్ని కడుక్కొచ్చేస్తుంది, ఆకులు పండి రాలే టైంలో ఇంకా ఎక్కువ. సోడియం అలా కాదు, ఆకు దాన్ని పెద్దగా ఇవ్వదు తీసుకోదు, అందుకే చెట్ల కింది సోడియాన్ని బయటి సోడియంతో పోలిస్తే గాలిలోంచి ఆకుల మీద ఎంత పేరుకుందో అంచనా దొరుకుతుంది, జర్మనీలో సోలింగ్ అడవుల మీద పనిచేసిన బెర్న్‌హార్డ్ ఉల్రిష్ 1983లో చెప్పిన లెక్క ఇదే.

ఒక్కటి మాత్రం చూస్కోండి, ఫాస్ఫేట్, అమ్మోనియం కూడా ఒకే డబ్బాలో ఒక్కసారిగా ఎగిరాయా? అయితే పిట్ట రెట్టే, గరాటు అంచున తెల్ల మరక ఉంటుంది చూడండి, ఆ డబ్బా లెక్కలోంచి తీసేయండి.

ఇంకోటి, బీచ్ బెరడు నున్నగా ఉంటుంది, కొమ్మలు పైకి లేచుంటాయి, దాంతో మాను వెంట నీళ్లు బాగా జారతాయి, వాటిని విడిగా మానుకి పట్టీ కట్టి పట్టకపోతే మొత్తం తక్కువ చూపిస్తుంది.

హెక్టారుకి కిలోలు కావాలంటే లీటరుకి మిల్లీగ్రాముల్ని వాన మిల్లీమీటర్లతో గుణించి 100తో భాగించండి, అంటే 2 మిల్లీగ్రాములు, 50 మిల్లీమీటర్లు అయితే 1 కిలో. వారాల గాఢతలకి ఉత్త సగటు తీశారేమో, అదొద్దు, చినుకులు పడ్డ వారమూ కుండపోత వారమూ ఒకటే అయిపోతాయి.